సంక్రాంతికి పిల్లల పాత సామాన్ల కొలువు: ఎవరేం చూసుకుంటారు?

పిల్లల కార్నర్, విజయవాడ నుంచి:

అందరికీ నమస్కారం. సిడ్నీ నుంచి బెజవాడ వచ్చి పది రోజులైంది, ఇప్పటికి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఈసారి మన సిడ్నీ సంక్రాంతి ఫంక్షన్‌లో పిల్లల కార్నర్ నాకు అప్పజెప్పారు కాబట్టి నా ఆలోచనేంటో ముందు చెప్పేస్తాను, తర్వాత తిట్టండి.

సిడ్నీలో మనం భోగి మంట వెయ్యలేం. జనవరి అంటే అక్కడ నడి వేసవి. ఏటా ఎర్ర కాగితం చుట్టిన బల్బుల చుట్టూ నిలబడి ఫొటోలు దిగుతున్నాం. మంట లేకపోతే పోయింది, అందులో వెయ్యాల్సిన పాత సామానంతా మన గరాజ్‌ల్లోనే పడి ఉంది కదా. దాంతో పిల్లల చేత బొమ్మల కొలువు పెట్టిద్దాం. హరిదాసు, గంగిరెద్దు, ఎడ్లబండి, ముగ్గేసే అమ్మాయి, ఇంకా వాళ్ళకి ఏది తోస్తే అది.

మొన్న ఆదివారం ఇక్కడ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తొమ్మిది మంది పిల్లల్ని కూర్చోబెట్టి ట్రయల్ వేశాను. మొదట నేను పెద్ద తెలివిగా ముందురోజు రాత్రే షాంపూ డబ్బాతో హరిదాసుని చేసి, మధ్యలో పెట్టి, "ఇలా చెయ్యండి" అన్నాను. గంట తిరిగేసరికి తొమ్మిది మంది హరిదాసులు తయారు. అందరి నెత్తినా అదే మూత అక్షయపాత్ర. ఒక పిల్ల అయితే "ఆంటీ, మీ దానికి చెయ్యి వంకరగా ఉంది, నేను కూడా వంకరగానే పెట్టనా?" అని అడిగింది.

టీ తాగొచ్చి నా హరిదాసుని దాచేశాను. సంచి బోర్లించి, "ఇందులో ఎవరికైనా ముక్కు కనపడుతోందా? కాలు?" అని అడిగి ఊరుకున్నాను. కాసేపు ఎవరూ కదల్లేదు. ఎనిమిదేళ్ళ వాడొకడు అద్దాలు తుడిచే స్ప్రే బాటిల్ మూత తీసి, అటూ ఇటూ తిప్పి, "ఇది కోడిపుంజు తల!" అని ఒక్క అరుపు అరిచాడు. చూస్తే నిజమే. నీళ్ళు చిమ్మే చోటు ముక్కు, వేలితో నొక్కే మీట గడ్డం కింద వేలాడే తోలు. ఒంటికి నూనె డబ్బా, తోకకి చీపురుపుల్లలు. కిందకి దిగిన వాళ్ళ తాతగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఎర్ర మూత కదా, ఇది డేగ" అని తేల్చేశారు. పందెంకోళ్ళలో ఎర్ర పుంజుని అలా అంటారు. ఆ తర్వాత పిల్లల్ని ఆపడం నా వల్ల కాలేదు.

కాబట్టి నా షరతు ఒక్కటే. టేబుల్ మీద నమూనా బొమ్మ ఉండకూడదు.

ఫుడ్ కమిటీ అన్న:

బాగుందమ్మా. కానీ ముప్ఫై మంది పిల్లలు, గంటన్నర టైము. ఆన్‌లైన్‌లో క్రాఫ్ట్ కిట్లు దొరుకుతాయి, తలకొకటి ఇచ్చేస్తే మనకి టెన్షన్ ఉండదు కదా? పుల్లలు, అతికించే కళ్ళు, జిగురు అన్నీ అందులోనే ఉంటాయి.

పిల్లల కార్నర్, విజయవాడ నుంచి:

అన్నా, కొత్త ప్లాస్టిక్ కళ్ళు కొని "రీసైక్లింగ్ ఆర్ట్" అని బోర్డు పెడితే మన పిల్లలే నవ్వుతారు. కళ్ళకి చొక్కా గుండీలు చాలు. సామాను ఇంటింటికీ ఉంది, దాచడమే మన పని. ముఖ్యంగా పాల డబ్బాలు. సిడ్నీలో కూల్‌డ్రింక్ సీసాలు వెనక్కిస్తే పది సెంట్లు వస్తాయి కాబట్టి పిల్లలు వాటిని వదలరు. మామూలు పాల డబ్బాలకి ఆ స్కీమ్ వర్తించదు, ఎవరికీ నష్టం లేదు. పైగా రెండు లీటర్ల డబ్బాని పక్కకి పడుకోబెట్టి చూడండి, పిడి పైకొచ్చి అచ్చం గంగిరెద్దు మూపురంలా ఉంటుంది. ఇక్కడ పాలు ప్యాకెట్లలో వస్తాయి, అందుకే మా ట్రయల్‌లో ఒక్క ఎద్దూ పుట్టలేదు.

ఇంకా తక్కువైతే సిడ్నీలోనే మారిక్‌విల్‌లో రివర్స్ గార్బేజ్ అనే కొట్టు ఉంది కదా, ఫ్యాక్టరీల్లో మిగిలిన ముక్కలు అమ్ముతారు. మరీ తప్పకపోతేనే అక్కడికి.

డెకరేషన్ అక్క:

మంచి ఐడియా. కొండపల్లి నీకు పక్కనే కదా, వస్తూ వస్తూ అక్కడ బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్క, చింతగింజలు కాస్త తీసుకురా. పిల్లలకి అసలైన పద్ధతి చూపించినట్టుంటుంది.

పిల్లల కార్నర్, విజయవాడ నుంచి:

అక్కా, చెక్కా గింజలూ సిడ్నీ ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చెయ్యాలి. ముడి చెక్క, పచ్చి గింజలు పట్టుకుని ఆ లైన్లో నిలబడే ఓపిక నాకు లేదు. చేసిన బొమ్మలు రెండు తెస్తాను, అవి కూడా డిక్లేర్ చేసే.

కానీ కొండపల్లి వెళ్ళడం మాత్రం మంచిదైంది. ఎందుకంటే మన ట్రయల్‌లో ఒక పెద్ద పొరపాటు జరిగింది. పిల్లలు డబ్బాల మీద నేరుగా రంగులేశారు. సాయంత్రానికి మెరిసిపోయాయి. పొద్దున చూస్తే డేగ ఒంటి మీద ఎరుపంతా వెల్లుల్లి పొట్టులా లేస్తోంది. ఆ బాబు మొహం చూడలేకపోయాను.

కొండపల్లిలో బొమ్మని ఒకే చెక్కలో చెక్కరు. ఒళ్ళు వేరు, చేతులు వేరు, తల వేరు. వాటిని చింతగింజల జిగురూ, రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికిస్తారు. దాన్నే మక్కు అంటారు. సందులన్నీ దాంతోనే పూడ్చి, ఆరాక నున్నగా చేసి, తెల్ల పూత వేసి, అప్పుడు రంగు. నేను చూసినంతసేపూ అక్కడ బొమ్మలు చేసే ఆయన మక్కుని బొటనవేలితో మెడ చుట్టూ నొక్కుతూనే ఉన్నారు. అతుకు ఎక్కడుందో కనపడనంతవరకు. రంగేసేది చివర్లో, అదీ చకచకా అయిపోయింది.

మన డబ్బాలకీ ఇదే వరస. ముందు ఉప్పుకాగితంతో డబ్బాని గరుకుగా రుద్దాలి. ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్‌ని ఫెవికాల్‌తో అతికించాలని చూడకండి, ఆరాక ఊడిపోతుంది. కన్నాలు పెట్టి పురికొసతో కట్టాలి, లేదా కాగితం టేపు చుట్టాలి. దాని మీద మైదా జిగురులో తడిపిన న్యూస్‌పేపర్ ముక్కలు రెండు వరసలు. సందుల్లోకి మైదా జిగురూ రంపపు పొట్టూ కలిపిన ముద్ద, అంటే మన మక్కు. ఆరాక తెల్ల రంగు, ఆపైన వాళ్ళిష్టం. మైదాని నీళ్ళలో కలిపి ఉడికిస్తే జిగురు రెడీ. మా అమ్మమ్మ పుస్తకాలు అంటించేటప్పుడు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేసేది. అది విషం, ఎవరికైనా గుర్తొచ్చినా వెయ్యకండి. ఏ రోజుకారోజు ఉడికిద్దాం, వేసవిలో మర్నాటికే పులిసిపోతుంది.

ఫుడ్ కమిటీ అన్న:

మరి ఇదంతా గంటన్నరలో ఎలా ఆరుతుందమ్మా?

పిల్లల కార్నర్, విజయవాడ నుంచి:

ఆరదు అన్నా. అందుకే రెండు రోజులు అడుగుతున్నాను. ఫంక్షన్‌కి ముందు ఆదివారం కట్టడం, కాగితం అంటించడం. వారమంతా ఎవరి గరాజ్‌లోనైనా ఆరాలి. ఫంక్షన్ రోజు పొద్దున రంగులు, మధ్యాహ్నానికి కొలువు. గరాజ్ ఎవరిస్తారు?

సౌండ్ సిస్టమ్ తమ్ముడు:

మా గరాజ్ ఇస్తానక్కా, కారు వారం రోజులు బయట పెడతాను. కానీ నాకో డౌట్. ఇనుప సామాను వాడకూడదా? నట్లు, బోల్టులు మా ఆఫీస్ వర్క్‌షాప్‌లో బకెట్లకొద్దీ ఉన్నాయి.

పిల్లల కార్నర్, విజయవాడ నుంచి:

ఇనుముతో చేసే మొనగాళ్ళు మన గుంటూరు వైపే ఉన్నారు తమ్ముడూ. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు గారు, వాళ్ళబ్బాయి రవిచంద్ర గారు 2021లో నట్లూ బోల్టులూ లాంటి పాత ఇనుముతో 14 అడుగుల ప్రధాని విగ్రహమే చేశారు. కానీ అది వెల్డింగ్ పని, పిల్లల చేతికిచ్చేది కాదు. ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్టు ముందు మా అబ్బాయిని అరగంట నిలబెట్టాను. సైకిల్ చైన్ ముక్క చూసి "అమ్మా, జడ" అన్నాడు. పిల్లలకి ఆ చూపు వస్తే చాలు. పదేళ్ళు దాటినవాళ్ళ బల్ల మీద కడిగిన నట్లు ఒక గిన్నెడు పెడదాం, చిన్నవాళ్ళ దగ్గరికి మాత్రం వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

ఇంకో సంగతి. వేరుశనగ బటర్ సీసాలు ఎంత కడిగినా తేవద్దు. మన పిల్లల్లో ఇద్దరికి ఎలర్జీ ఉంది. ఫినాయిల్, క్లీనింగ్ సీసాలూ వద్దు. నేను స్ప్రే మూత వాడనిచ్చాను, ఇంటికొచ్చాక తిట్టుకున్నాను. డేగ తల కోసం కొత్త స్ప్రే బాటిల్ ఒక్కటి కొంటాను. ఏదీ కొనొద్దన్నది నేనే, తెలుసు.

డెకరేషన్ అక్క:

ప్రైజులు ఎన్ని తీసుకోమంటావ్? ఫస్ట్, సెకండ్, థర్డ్?

పిల్లల కార్నర్, విజయవాడ నుంచి:

ప్రైజులు వద్దక్కా. పోయినసారి ఫస్ట్ వచ్చిన రథం ఎవరు చేశారో మనందరికీ తెలుసు, ఆ నాన్నగారికి ఇప్పటికైనా నా అభినందనలు. ఈసారి పెద్దవాళ్ళకి ఒకే పని, కన్నాలు పెట్టివ్వడం. కన్నం పెట్టి, డబ్బా వెనక్కిచ్చి, చేతులు కట్టుకోవాలి. అందుకు ఆరుగురు కావాలి. వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్, అంటే పిల్లలతో పనిచేసేవాళ్ళకి ప్రభుత్వం చేసే తనిఖీ, లేనివాళ్ళు ఈ వారమే అప్లై చెయ్యండి, వాలంటీర్లకి ఫ్రీయే.

ఫుడ్ కమిటీ అన్న:

కన్నాల పని నాకు రాసుకో. చేతులు కట్టుకోవడం మాత్రం మీ వదిన గ్యారంటీ ఇవ్వదట.

సౌండ్ సిస్టమ్ తమ్ముడు:

నేనూ ఉన్నాను. అక్కా, మా ఇంట్లో ఇప్పటికి నాలుగు పాల డబ్బాలు కడిగి బోర్లించాం. మూతలు కూడా దాచాలా?

పిల్లల కార్నర్, విజయవాడ నుంచి:

మూతలే ముందు దాచు. ఇంకా నలుగురు కావాలి. ఎడమచేతి కత్తెరలు ఎవరింట్లోనైనా ఉంటే రెండు తెండి, మా అబ్బాయికొకటి, ఇంకెవరికో ఒకటి ఎప్పుడూ తక్కువే.