బ్లాంకా కూడా మన సీరియల్ అమ్మేనా? (పోజ్, ఇట్స్ ఎ సిన్ కథలు చెప్పేస్తున్నాం, చూడనివాళ్ళు జాగ్రత్త)

గాజువాక గుంటడు:
పోజ్ అని న్యూయార్క్‌లో జరిగే సిరీస్, మూడు సీజన్లూ చూసేశానండి. ఇంట్లోంచి గెంటేసిన గే పిల్లల్ని, ట్రాన్స్ పిల్లల్ని బ్లాంకా చేరదీస్తాది, వండిపెడతాది, చదువుకోమని తిడతాది, తనకే హెచ్‌ఐవీ ఉన్నా అందరికీ తనే చేస్తాది. కొత్త రకం కుటుంబం అంటే ఏటో అనుకున్నాను, రాత్రి మా అమ్మ చూసే సీరియల్లో త్యాగమూర్తే కదా ఈవిడ, చీర ఒకటే తక్కువ. దీన్ని అంత పొగడాలా?

ఎంవీపీ అక్క:
చీర దగ్గరే ఆగిపోయావేటి తమ్ముడూ. సీరియల్ కోడలికి చాకిరీ పెళ్ళితో పాటే వచ్చిపడుతుంది. బ్లాంకా హెచ్‌ఐవీ అని తెలిశాక, అప్పటిదాకా తనని చేరదీసిన ఎలెక్ట్రా ఇంట్లోంచి బయటికొచ్చి కావాలనే సొంత హౌస్ (అంటే ఇలా చేరదీసినవాళ్ళతో కట్టుకున్న ఇల్లు) పెట్టుకుంది. పైగా మూడో సీజన్‌కి ఆసుపత్రిలో నర్సులకి సాయంగా చేరి ఎయిడ్స్ పేషెంట్లని చూసుకుంటుంది, ఇంట్లో ఊరికే చేసిన పనికే జీతమొచ్చింది. మన ఏ సీరియల్ అమ్మకి ఆ అదృష్టం పట్టిందో చెప్పు.

సింహాచలం చందు:
నేను గుంటడి పక్షం. ఇట్స్ ఎ సిన్ చూడండి, 2021లో వచ్చింది, అయిదే ఎపిసోడ్లు, 80ల్లో లండన్. ఫ్రెండ్స్ ఒక్కొక్కరే జబ్బున పడుతుంటే జిల్ అనే అమ్మాయి పరిగెడుతూనే ఉంటాది. ఆ అమ్మాయికి ఏం కావాలో చివరిదాకా ఎవడూ అడగడు, రాసినాయన కూడా అడగలేదు.

ఎంవీపీ అక్క:
అదైతే కరెక్టే. కానీ ఆఖరి ఎపిసోడ్? ఆ ఫ్రెండ్స్‌లో రిచీ అనేవాణ్ణి వాళ్ళమ్మ ఊరు తీసుకుపోయి జిల్‌ని గుమ్మం తొక్కనివ్వదు, ఈ పిల్ల అక్కడే కాచుక్కూర్చుంటే వచ్చి నిన్న పోయాడని చెబుతుంది. అన్నాళ్ళు చేసిన మనిషికి ఆఖరి చూపు లేదు. త్యాగం సంగతి తర్వాత, ముందు ఆసుపత్రిలో సంతకం పెట్టే హక్కు ఎవరిదో చూడు. మొన్నామధ్య ఇక్కడే వైజాగ్‌లో ఒక ఆసుపత్రిలో (పేరొద్దులే) మా ఫ్రెండ్‌కి ఆపరేషన్, ఏళ్ళుగా కలిసుంటున్న పార్ట్‌నర్ రాత్రంతా వార్డు బయట కుర్చీలో, పేషెంట్‌కి మీరేమవుతారంటే ఫ్రెండ్‌నని చెప్పుకోవాల్సొచ్చింది, మాటలే మానేసిన అన్నయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి కాంప్లెక్స్‌లో బస్సు దిగేదాకా సంతకం ఆపారు. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు గే జంటల పెళ్ళి సంగతి పార్లమెంటు చూసుకోవాలనేసింది. 2025 మేలో మద్రాస్ హైకోర్టు మాత్రం కుటుంబానికి పెళ్ళొక్కటే దారి కాదు, మనం ఎంచుకున్నవాళ్ళూ కుటుంబమే అంది. సంతోషం. ఆ మాట కౌంటర్లో కూర్చున్నాయన దాకా రావాలి కదా.

రుషికొండ రాజు:
మన హిజ్రాల్లో గురువు, చేలా (అంటే శిష్యురాలు) పద్ధతి ఎప్పట్నుంచో ఉంది, జబ్బు చేస్తే గురువే చూసుకుంటాది, దీనికి న్యూయార్క్ దాకా ఎందుకు

సింహాచలం చందు:
ఉంది బ్రో, చేలా సంపాదనలో గురువుకి వాటా కూడా ఉంటాది. అదీ ఇదీ రెండూ చూపించే సీరియల్ ఎవరైనా తియ్యమను, మొదట నేనే చూస్తా.

గాజువాక గుంటడు:
సంతకం పాయింటు బానే ఉంది గానీ అక్కా, బ్లాంకాకి ఎవరు చేశారు మరి? రెండో సీజన్ చివర్లో పిల్లలంతా ఎవరి దారిన వాళ్ళు పోయి ఇల్లు ఖాళీ, ఈవిడ ఒక్కతే పడిపోయింది.

ఎంవీపీ అక్క:
బ్లాంకా ఫ్రెండు ప్రే టెల్ వచ్చాడు కదరా. ఆ ఎపిసోడ్ మళ్ళీ చూడు, ఈసారి స్కిప్ కొట్టకుండా.