విచారణ దేవాలయపు పైప్ ఆర్గన్: తొలి రూపానికి మార్చాలా, ఉన్నదాన్నే బాగు చేయాలా?

తోలుతిత్తి: మా విచారణ (పారిష్) దేవాలయంలో, గొట్టాల్లోకి గాలి పంపి పలికించే పైప్ ఆర్గన్‌ను విప్పి బాగు చేయించాలని సంఘ పెద్దలు నిర్ణయించారు. మొదట కట్టినప్పుడు మీటల నుంచి గాలిపెట్టెలోని కవాటాల దాకా ట్రాకర్లనే సన్నని చెక్కబద్దలు ఉండేవి; తరువాతి తరం వాటిని పీకేసి కరెంటుతోనూ గాలి ఒత్తిడితోనూ కవాటాలను తెరిచే ఎలక్ట్రో న్యూమాటిక్ ఏర్పాటు పెట్టింది. దానిలోని చిన్న తోలుసంచులు ఇప్పుడు చిట్లిపోయి, కొన్ని మీటలు నొక్కినా పలకవు, కొన్ని వదిలినా ఆగవు. ట్రాకర్లకే తిరిగి వెళ్లాలని నా వాదన.

మంద్రస్థాయి: తోలు చిట్లడమే దోషమైతే, ట్రాకర్ ఆర్గన్‌కు గాలి అందించే తిత్తులకు ఉన్నదీ తోలే కదండీ? పారిస్‌లోని సెయింట్ సుల్పీస్ దేవాలయపు ఆర్గన్‌ను 1781లో క్లికో అనే నిర్మాత కట్టగా, మరో నిర్మాత కవాయే కోల్ 1862లో ఆయన గొట్టాలను చాలావరకు నిలుపుకొంటూనే దాన్ని పూర్తిగా మార్చి కట్టాడు. అక్కడ తొలి రూపమని దేన్నంటారు? ఆ మార్పును చెరిపి 1781కి తీసుకుపొమ్మని ఎవరైనా అడుగుతారా?

గంటగోపురం: సంచులకు వాడినది ఏ రకం తోలు? బొగ్గుపొగలోని గంధకానికి కొన్ని రకాలు తొందరగా పొడిబారుతాయి.

తోలుతిత్తి: కవాయే కోల్ చేతిని మా ఆర్గన్ మీద పడిన చేతితో పోల్చకండి. ఇక్కడ గాలి ఒత్తిడి పెంచి, దానికి తట్టుకునేలా గొట్టాల నోళ్లను ఇంకా ఎత్తుగా కోశారు. ముందువరుస గొట్టాల పై పెదవి దగ్గర వంకర కత్తిగీతలు నేటికీ కనిపిస్తాయి.

మంద్రస్థాయి: కోసిన లోహం తిరిగి మొలవదు. అక్కడ కొత్త ముక్క అతికితే వచ్చేది మీ ఊహలోని నాదమే తప్ప తొలి నాదం కాదు. నేను ఏళ్ల తరబడి వాయించిన మరో దేవాలయంలో ఇలాగే తొలి రూపమనే మాట చెప్పి, నన్ను ఒక్క మాటైనా అడగకుండా, స్వెల్ పెట్టెను, అంటే కొన్ని గొట్టాల వరుసల చుట్టూ ఉండి తలుపులు తెరిచి మూస్తే నాదం పెరిగి తగ్గే పెట్టెను, తలుపులతో సహా తీసేశారు. ఆ తరువాత ఆ వరుసలను మెల్లగా మొదలుపెట్టి క్రమంగా పెంచే వీలు పోయి, బలహీనమైన గాయకబృందం ఆర్గన్ కింద మునిగిపోయింది.

గంటగోపురం: తోలు సంగతి ఎవరూ చెప్పరేం?

తోలుతిత్తి: అది వేరే దేవాలయపు గొడవ, ఇక్కడికి లాక్కురాకండి. వాయించేవారి సౌకర్యం పేరుతోనే ఈ ఆర్గన్‌ను మొదటిసారి పాడుచేశారు. వాయించేవారు వస్తారు, పోతారు. కట్టినవాడి పని మళ్లీ దొరకదు.

మంద్రస్థాయి: ఈ మాట మొదటే అని ఉంటే తోలు గురించి ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. ఆర్గన్ మీకు దాచుకోవలసిన వస్తువు, నాకు ఆదివారం జనం చేత పాడించవలసిన పనిముట్టు. ట్రాకర్లకు నేను అడ్డుపడను, వేలికి కవాటం స్పర్శ తెలియడం నాకూ ఇష్టమే. కానీ స్వెల్ పెట్టె ఉండితీరాలి.

తోలుతిత్తి: తొలి ఒప్పందపత్రంలో స్వెల్ పెట్టె లేదు. సమావేశంలో నేను దానికి చేయి ఎత్తను.