ఉద్యోగాలు పోయినవాళ్ల గృహకూటం: నాలుగో వారం ఏ వాక్యభాగం?

అందరికీ వందనాలు. ఉద్యోగాలు పోయిన కుటుంబాల కోసం నాలుగు బుధవారాలు గృహకూటం (ఇంట్లో జరిపే ప్రార్థన కూడిక), ఒక్కోటి 45 నిమిషాలు. రెండు పాటలు, 15 నిమిషాల వాక్యం (బైబిలు బోధ), మిగతాదంతా మాటలు, ప్రార్థన.

మొదటి వారం 13వ కీర్తన. ఉన్నవి ఆరు వచనాలే. నాలుగో వచనం దాకా మొరే, ఐదో వచనంలో గానీ నమ్మిక కనబడదు. కాబట్టి తొందరపడి చివరికి దూకకూడదు. రెండో వారం హబక్కూకు 3:17-18. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేను, గొర్రెలు, పశువులు, ఏదీ మిగల్లేదు, అయినా ఆనందం! ఇక్కడ ఎవరి జాబితా వాళ్లు (ఈఎంఐ, ఫీజులు, అద్దె) చీటీ మీద రాసుకుంటే వాక్యం మనసుకు తగులుతుంది. మూడోది మత్తయి 6:25-34, చింతపడవద్దనే మాట.

చిక్కంతా నాలుగో వారంతోనే. అందరూ యిర్మీయా 29:11 (దేవుని ఉద్దేశాలు మన మేలుకే, ముందు నిరీక్షణ ఉంది అనే మాట) అడుగుతారు, గోడ క్యాలెండర్ల పుణ్యమా అని. దాని పై వచనంలోనే బబులోను చెరలో 70 ఏళ్లు అని ఉంది. అది దాటేస్తే వచ్చే నెలకే ఉద్యోగం అనుకుంటారు. రాకపోతే తమ విశ్వాసమే చాలలేదని కుమిలిపోతారు.

యిర్మీయా 29లో 5 నుంచి 14 దాకా మొత్తం చదివి వివరించాలా, దేవుని ప్రేమ నుంచి మనల్ని ఏదీ వేరు చేయలేదనే రోమా 8:31-39కి మారాలా? పక్కింటి క్రైస్తవేతరులు కూడా కూర్చునే కూటాలు నడిపినవాళ్లు చెప్పగలరా? చీకటితోనే ముగిసే 88వ కీర్తనను ఎవరైనా వాడారా, ఏ వారంలో?