ఇసుక కోట అంచులు విరిగిపోతున్నాయి. ఏ పనిముట్లు కొనాలి?

ప్రశ్న:
బీచ్‌కి వెళ్లినప్పుడల్లా పిల్లలతో కోట మొదలుపెట్టడం, అది సగంలో కూలడం మామూలైపోయింది. బొమ్మల సెట్‌లో వచ్చిన బకెట్, చిన్న పార వాడుతున్నాం. బకెట్ బోర్లించి తీస్తే బురుజు పైభాగం బకెట్‌లోనే ఉండిపోతోంది. కిటికీ చెక్కబోతే గోడంతా జారుతోంది. శిల్పాలు చేసేవాళ్ల పనిముట్లు వేరే ఉంటాయా? కొనక తప్పదంటే కొంటాను.

జవాబు:
ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు నీళ్లు మోయండి. రేణువుల మధ్య నిలిచే కాస్తంత నీరే వాటిని దగ్గరికి లాగి పట్టుకుంటుంది, బళ్లో తలతన్యత అని చదివామే, అదే. పొడి ఇసుకలో ఆ పట్టు ఉండదు. నీళ్లు ఎక్కువై సందులన్నీ నిండిపోయినా ఉండదు, బురదలా జారుతుంది. 8 బకెట్ల పొడి ఇసుకకి 1 బకెట్ నీళ్లు కలిపి చూడండి. గుప్పెట్లో నొక్కి ఉండ చేసి అరచేతిలో దొర్లిస్తే పగలకూడదు.

ఇక మీ బకెట్ సంగతి. అడుగు మూసి ఉంటే ఎత్తేటప్పుడు గాలి లోపలికి పోదు, అందుకే ఇసుక పట్టేస్తుంది. పాత బకెట్ ఒకటి తీసుకుని అడుగు కోసేయండి. కోసిన అంచు గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే పిల్లల చేతులు గీరుకుంటాయి. వెడల్పు మూతి కిందికి పెట్టి, నాలుగు వేళ్ల మందం ఇసుక పోసి, నీళ్లు చల్లి, కర్ర మొదలుతో దిమ్మిస కొట్టినట్టు కొట్టండి. మళ్లీ ఇంకో వరస. నీళ్లు కాస్త ఎక్కువైనా కిందికి ఇంకిపోతాయి. నిండాక పక్కల తట్టి, మెల్లగా తిప్పుతూ పైకి లాగండి. చిన్నప్పుడు పాదం మీద ఇసుక తట్టి తట్టి పిచ్చుకగూడు కట్టలేదూ, ఆ తట్టడమే ఇది.

చెక్కడానికి చిన్న తాపీ, మొండి చాకు, చెంచా చాలు. పైనుంచి కిందికి చెక్కుతూ రండి. కిందినుంచి మొదలెడితే రాలే ఇసుకంతా చేసిన పని మీదే పడుతుంది. కిటికీకి గోడ ఆరపార తొలవొద్దు. చాకు మొనతో గీత గీసి, చెంచాతో వేలి కణుపంత లోతు తియ్యండి. లోపల నీడ పడితే కిటికీలాగే కనిపిస్తుంది.

ఇంకొకరు:
పై జవాబులో స్ట్రా మర్చిపోయారు. మూలల్లో రాలిన పొడి వేలితో తీస్తే అంచు పోతుంది, స్ట్రాతో ఊదితే పోదు. గాలికి ఎదురుగా మాత్రం ఊదకండి, కళ్లలో పడుతుంది. నీళ్లు కొట్టే స్ప్రే సీసా కూడా ఉంచుకోండి. ఎండకి పైపొర ఆరితే రాలడం మొదలవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
జిగురు నీళ్లు కొడితే ఎక్కువసేపు నిలుస్తుందని విన్నాను?

జవాబు:
రోజుల తరబడి ప్రదర్శనలో ఉంచే శిల్పాలకి తెల్ల జిగురు బాగా పలచన చేసి కొడతారు. ఒక సాయంత్రం ఆటకి ఎందుకండీ, మామూలు నీళ్లే కొట్టండి. పనిముట్లలో డబ్బు పెట్టాలనుంటే పొడవు కాడ ఉన్న మంచి పార ఒకటి కొనండి, నడుం నొప్పి తప్పుతుంది. పోటు నీళ్లు వచ్చి ఆగే గీతకి కాస్త పైన కట్టుకోండి. ఇసుక కోసం తవ్వే గొయ్యి మోకాలి లోతు దాటనివ్వొద్దు, సొరంగాలు అసలే వద్దు. పక్కలు చెప్పాపెట్టకుండా కూలతాయి, మనిషి కూరుకుపోతే తీయడం చాలా కష్టం. వెళ్లేముందు పూడ్చేయండి.

ప్రశ్న అడిగినవారు:
అడుగు లేని బకెట్ పనిచేసింది! మొదటిది నేను తొందరపడి లాగి పాడుచేశాను, రెండోది చెక్కుచెదరలేదు. దాని మీద చిన్న బకెట్‌తో ఇంకో అంతస్తు లేపాం. ఇంటికొచ్చాక చూస్తే తాపీకి తుప్పు మరకలు. ఏం చేయాలి?

జవాబు:
ఉప్పునీళ్ల పని అది. గరుకు కాగితంతో రుద్ది, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక నూనె గుడ్డతో తుడవండి. ఈసారి బీచ్‌లోంచి రాగానే కడిగేయండి.