లక్ష్మా గౌడ్ ఇంకు బొమ్మల్లో నగ్న దేహాలు: పల్లె బతుకా, మగవాడి చూపా?

నల్లసిరా:
1970ల నాటి లక్ష్మా గౌడ్ ఇంకు డ్రాయింగ్‌ల గురించి మీ అభిప్రాయాలు కావాలి. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లోనూ తర్వాత బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గరా చదువుకున్నారాయన. ఆ బొమ్మల్లో ఆడా మగా, మేకలూ, చెట్లూ, బండలూ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. వీటిని "పల్లె అమాయకత్వం" అని సరిపెట్టడం నాకు మింగుడుపడదు. కామం అంత బాహాటంగా ఉంటే అమాయకత్వం ఎక్కడిది?

మంజీర:
మా అమ్మమ్మది ఆ వైపు ఊరే. నాట్లప్పుడు చీర మోకాళ్ల దాకా ఎగ్గడతారు, మోటు సరసాలూ ఆడతారు. అంతేగానీ ఎవరూ బట్టల్లేకుండా తిరగరు. మరి ఈ దేహాలు ఎవరివి? ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ 1930లలో పెన్నుతో గీసిన నగ్న చిత్రాలు చూడండి. మోడల్ లిడియా డెలెక్టోర్‌స్కయా పేరు లోకానికి తెలుసు. కొన్నింట్లో గీస్తున్న తన చేతినీ కాగితాన్నీ కూడా ఆయన బొమ్మలోనే పెట్టాడు, చూస్తున్నది నేనేనని ఒప్పుకున్నట్టు. గౌడ్ గారి బొమ్మల్లో చూసేవాడు కనబడడు. పల్లె ఆడవాళ్ల ఒళ్లు మాత్రం నగరంలో గ్యాలరీ గోడెక్కుతుంది.

కుంచెపని:
నాకైతే బూతే. ఇంట్లో గోడకు పెట్టుకోలేను.

నల్లసిరా:
కుంచెపని గారూ, ఇలాంటప్పుడు అందరూ ఖజురహో పేరెత్తుతారు. నేను ఎత్తను, గుడి శిల్పాన్ని అడ్డం పెట్టుకోవాల్సిన అవసరం ఈ బొమ్మలకు లేదు.

మంజీర గారూ, మీ ప్రశ్నకు జవాబు గీతలోనే ఉందనుకుంటాను. పెన్సిల్‌తో గీస్తే చెరుపుకోవచ్చు. ఇంకు గీత పడిందంటే పడిందే, చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తడబడిందో కాగితం మీద ఉండిపోతుంది. మతీస్ ఆ బొమ్మల్లో చాలావాటిలో నీడలు వెయ్యడు. సన్నటి గీత సాగిపోతుంది, తెల్ల కాగితమే చర్మమైపోతుంది, కన్ను ఆ నున్నదనం మీదే నిలుస్తుంది. గౌడ్ పని దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పక్కపక్కన సన్న గీతలు, వాటి మీద అడ్డంగా మళ్లీ గీతలు. తొడ మీద ఎంత ఓపికగా గీశాడో మేక వెంట్రుకల మీదా, బండ పగుళ్ల మీదా అంతే ఓపిక. ఒంటిని ఊళ్లోంచి విడదీసి మన ముందు పెట్టడు. కీళ్లూ, నరాలూ, గరుకుదనం దాచడు.

ఇంకోటి, మగవాళ్లూ నగ్నంగానే ఉంటారు, వాళ్ల అంగాన్నీ అంతే నిర్మొహమాటంగా గీశాడు. 1937 నాటి ఒక డ్రాయింగ్‌లో మోడల్ వెనక అద్దంలో మతీస్ కనిపిస్తాడు, ఒంటి నిండా బట్టలతో. చూసేవాడు కనబడితే సరిపోతుందా? వాడికి రక్షణ ఉందా లేదా అన్నది కూడా లెక్కే కదా?

మంజీర:
బట్టల మాట ఒప్పుకుంటాను, నేను అలా ఆలోచించలేదు. కానీ గీతలో సమానత్వం ఉన్నంత మాత్రాన మనిషికి సమానత్వం వచ్చినట్టు కాదు. బండతో సమానంగా గీశాడంటే ఆవిడకు గౌరవం ఇచ్చినట్టా, ఆవిడనూ బండలా చూసినట్టా?

తర్వాతి కాలంలో ఆయన రంగుల్లో వేసిన తెలంగాణ ఆడవాళ్లున్నారు చూడండి, పెద్ద బొట్టు, ముక్కుపుడక, సూటిగా మనవైపే చూసే కళ్లు. వాళ్ల ముఖాలు నాకు గుర్తుండిపోయాయి. ఆ ఇంకు బొమ్మల్లో ఒక్క ముఖమూ గుర్తులేదు, ఒళ్లే గుర్తున్నాయి. బట్టలు వచ్చాకే ముఖం ఎందుకు వచ్చిందో చెప్పండి, అప్పుడు మీ వైపు వస్తాను.