క్లీ ఎలమ్ దగ్గర ఇంటి బోరు: ఈ "మిటిగేషన్ నీళ్లు" నిజంగా వాగులో మిగులుతాయా?

సందేహం: అందరికీ నమస్కారం. సియాటిల్ నుంచి కొండలు దాటాక క్లీ ఎలమ్ దగ్గర మూడెకరాల స్థలం చూశాం. వాషింగ్టన్‌లో ఇంటి బోరుకు పర్మిట్ అక్కర్లేదు, రోజుకు 5,000 గ్యాలన్ల దాకా తోడుకోవచ్చు అని విన్నాను. తీరా ఏజెంటేమో ముందు వాటర్ బ్యాంకులో (నీటి హక్కులు అమ్మేచోట) మిటిగేషన్, అంటే మనం తోడేదానికి బదులు నీళ్లు, కొనుక్కోమంటున్నాడు. మన స్థలంలో మన బోరుకి ఇంకొకరికి డబ్బు కట్టడం ఏంటి? ఆ నీళ్లు వాగులోనే వదిలేస్తారట. దిగువన ఎవరో మోటారు పెట్టి తోడేస్తే?

జవాబు: మీరు విన్న రూలు రాష్ట్రంలో ఉన్నదే, కానీ క్లీ ఎలమ్ ఉన్న ఎగువ కిట్టిటాస్‌లో అదొక్కటే చాలదు. అక్కడ పారే యాకిమా నది నీళ్లు ఎప్పుడో పంచేసుకున్నారు. అక్కడ ఎవరి హక్కు పాతదైతే వాళ్లకే ముందు నీళ్లు. 1905 మే 10 తేదీ హక్కులకు కరవు వస్తే కోత పడుతుంది, 2015లో వాళ్లకు దక్కింది 47 శాతమే. బోరు నీళ్లు వేరు, నది నీళ్లు వేరు అనుకుంటాం గానీ, మీరు తోడే ప్రతి బొట్టూ నదికి చేరాల్సిన ఊటలోంచే తగ్గుతుంది. అందుకే 2009లో రాష్ట్ర ఎకాలజీ (పర్యావరణ) శాఖ అక్కడ కొత్త బోర్లు ఆపేసింది. 1905 మే 10 కంటే పాత హక్కు ఒకటి కొని, మీరు వాడినంత నీటిని నదికి వదిలితేనే బోరు.

మోటారు సంగతి బాగా అడిగారు. మన కాలువల మీద చూడలేదా, చివరి భూములకని వదిలిన నీళ్లు మధ్యలోనే మాయమవడం! ఇక్కడ హక్కు అమ్మిన రైతు ఊరికే తూము మూసేస్తే అదే జరుగుతుంది. పైగా సరైన కారణం లేకుండా ఐదేళ్లు వరసగా వాడకపోతే ఆ హక్కే పోతుంది. కాబట్టి హక్కును రాష్ట్రం ట్రస్టులో పెట్టాలి. అలా పెడితే పాత తేదీ పోదు, వాడలేదన్న వంకతో రద్దూ కాదు, తర్వాతి తేదీ వాళ్లు ఆ నీటి జోలికి రాకూడదు.

సందేహం: హక్కు అమ్మేవాళ్ల కాగితంలో గడ్డి పొలానికి 12 ఎకరా అడుగులు (ఒక్కోటి ఎకరం మీద అడుగు లోతు నీళ్లు) అని ఉంది. అంటే మాకు బోలెడు కదండీ?

జవాబు: తొందరపడకండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పొలానికి పారించిన దాంట్లో కొంత ఊటగా మళ్లీ వాగులోకే వస్తుంది. అది ముందూ నదిదే, దాన్ని మీరు "ఇస్తున్నాం" అనడం కుదరదు. పైరు నిజంగా తాగిన నీరే లెక్క, అదీ నిజంగా పారించిన సంవత్సరాల రికార్డు ఉంటేనే. ఇంకో చిక్కు: పొలం హక్కు ఎండాకాలానికే, మీ ఇంటికి జనవరిలోనూ నీళ్లు కావాలి. ఆ నెలల లోటు ఎలా పూడుస్తారో బ్యాంకును రాతపూర్వకంగా అడగండి.

హక్కు ఏ వాగుదో కూడా చూడండి. టీనవే నదిలో వదిలిన నీరు స్వాక్ క్రీక్‌లోకి రాదు, రెండూ విడివిడిగా యాకిమాలో కలుస్తాయి. మీ బోరు స్వాక్ ఊటను తగ్గిస్తే, టీనవే హక్కు కొన్నా ఆ వాగు ఎండుతుంది. స్టీల్‌హెడ్ చేపలకు మిగిలేది ఎండిన రాళ్లే.

మరొకరు: నీళ్లకు బదులు ఒడ్డున చెట్లు నాటి, చేపల కోసం వాగులో దుంగలు వేస్తే చాలదా? మా కన్సల్టెంట్ అదే అన్నాడు.

జవాబు: యెల్మ్ అనే ఊరు కొంతవరకు ఆ దారే పట్టింది. 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. వాగుకు నిర్ణయించిన కనీస ప్రవాహం కూడా ఒక నీటి హక్కేనని, దానికి శాశ్వతంగా గండి కొట్టి బదులుగా చేపల ఆవాసం బాగుచేస్తామంటే కుదరదని. చెట్లు మంచివే, నాటండి. నీటి పద్దులో మాత్రం రాయకండి.

సందేహం: ఏ వాగు హక్కో అడిగితే ఏజెంట్ ఇంకా చెప్పలేదండీ. అడ్వాన్స్ ఆపాను.

జవాబు: మంచి పని చేశారు. మిటిగేషన్ ఖాయమైతేనే కొంటామని అగ్రిమెంటులో షరతు రాయించండి. స్థలం పార్సెల్ నంబరు పట్టుకుని కౌంటీ ఆఫీసుకు మీరే వెళ్లండి, ఏజెంటును పంపొద్దు.