డెంగీ ముదురుతుందో లేదో జీన్ టెస్ట్‌తో ముందే తెలుస్తుందా?

ల్యాబ్ వాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి. మా తమ్ముడికి డెంగీ, ఎన్‌ఎస్1 (డెంగీ వైరస్ ప్రోటీన్ టెస్ట్) పాజిటివ్, ఇవాళ ఐదో రోజు, జ్వరం దిగింది కదా అని అమ్మ కుదుటపడితే డాక్టర్ గారేమో అసలు కనిపెట్టుకోవాల్సింది ఇప్పుడే అంటున్నారు, పొద్దున ప్లేట్‌లెట్స్ 82 వేలు, పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం) 41 నుంచి 46కి ఎక్కింది. (బొప్పాయి ఆకు రసం సలహాలొద్దు, పక్కింటి పిన్ని ఇప్పటికే రెండు గ్లాసులు తాగించేసింది.) నా డౌట్ ఏంటంటే, స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2019లో రక్తంలో 20 జీన్లు ఎంత యాక్టివ్‌గా ఉన్నాయో చూసి సివియర్ అయ్యేవాళ్ళని ముందే పసిగట్టొచ్చన్నారు, 2022లో 8 జీన్లకి కుదించారు. అది హైదరాబాద్‌లో పేషెంట్లకి ఎక్కడైనా చేస్తున్నారా, ఇంకా రీసెర్చ్‌లోనే ఉందా? ఇంకోటి, ఇంటర్‌ఫెరాన్ (వైరస్‌తో పోరాడేందుకు ఒంట్లో తయారయ్యే ప్రోటీన్లు) జీన్ల హడావిడంతా మొదటి రోజుల్లోనే కదా, ఐదో రోజు చేయించినా పనికొస్తుందా?